ర్యామ్ వేస్తే చాలదా? పదేళ్ల ఐమ్యాక్‌తో ఆరు రోజులు

2023 జనవరి ఆఖరి వారం. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. తెనాలి నుంచి ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ తన 27 అంగుళాల ఐమ్యాక్‌ని (స్క్రీన్ వెనకే అన్నీ ఇమిడి ఉండే ఆపిల్ కంప్యూటర్) దుప్పట్లో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టుకుని గుంటూరులోని మా షాపుకి తీసుకొచ్చాడు. "అన్నా, ర్యామ్ వేసి ఇచ్చెయ్. సాయంత్రానికి పట్టుకుపోతా. ఈ వారంలో రెండు ఆల్బమ్‌లు ప్రింటింగ్‌కి వెళ్లాలి" అన్నాడు.

సాయంత్రానికి ఇవ్వలేకపోయాను. ఆరు రోజులు పట్టింది. ఆ రోజే ర్యామ్ వేసి పంపేసి ఉంటే అతను సంతోషంగా వెళ్లేవాడు, నాకూ డబ్బులు వచ్చేవి. కానీ సీజన్ మధ్యలో డిస్క్ మొత్తం పోయేది. అందుకే ఈ కేసుని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

ముందు మెషీన్ సంగతి. స్టాండు కింద మోడల్ నంబర్ ఏ1419 అని ఉంది. ఈ నంబర్‌ని నమ్ముకుని ర్యామ్ కొనేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. 2012 చివర్లో వచ్చిన మోడల్ నుంచి 2017 మోడల్ దాకా 27 అంగుళాల ఐమ్యాక్‌లన్నింటికీ ఇదే నంబర్. 2017 దానికి డీడీఆర్4 ర్యామ్ పడుతుంది, 2013 దానికి డీడీఆర్3. ఆపిల్ మెనూలో 'ఎబౌట్ దిస్ మ్యాక్' తెరిస్తే ఏ సంవత్సరానిదో ఉంటుంది, అదే చూడాలి. ఇది 2013 చివరిది. 3.2 గిగాహెర్ట్జ్ నాలుగు కోర్ల ఐ5 ప్రాసెసర్, రెండు 4 జీబీ ముక్కలుగా 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. నిమిషానికి 7200 సార్లు తిరిగే మూడున్నర అంగుళాల డిస్క్ అది. ఆపరేటింగ్ సిస్టమ్ క్యాటలీనా. ఈ మోడల్‌కి ఆపిల్ అధికారికంగా ఇచ్చిన ఆఖరి సిస్టమ్ అదే.

నేను స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. అతన్నే కూర్చోబెట్టి, "ఇంట్లో ఎలా పని చేస్తావో అలాగే చెయ్యి తమ్ముడూ, నేను చూస్తా" అన్నాను. ర్యామ్, ప్రాసెసర్ ఎంత వాడుతున్నాయో చూపే యాక్టివిటీ మానిటర్ పక్కన తెరిచి పెట్టాను, చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్. స్విచ్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ తెరుచుకునే దాకా 4 నిమిషాల 10 సెకన్లు. ఫొటోషాప్ తెరుచుకోడానికి ఇంకో నిమిషంన్నర. ఆ తర్వాత లైట్‌రూమ్ కూడా తెరిచి, ఆల్బమ్ షీట్ ఒకటి ఓపెన్ చేశాక, మ్యాక్ ఎక్కడో ఇరుక్కుందని చెప్పే రంగుల చక్రం తిరగడం మొదలైంది. మెమరీ ప్రెషర్ గ్రాఫ్ పచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి పోయింది. స్వాప్, అంటే ర్యామ్ చాలక డిస్క్ మీద రాసుకునేది, 6 జీబీ దాటింది.

ఇక్కడిదాకా చూస్తే అతని మాటే నిజం, ర్యామ్ చాలట్లేదు. లెక్క కూడా అదే చెబుతుంది. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ షీట్ అంటే ఎక్కువగా 12 బై 36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 బై 10800, అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 3 బైట్లు వేసుకుంటే షీట్ అంతా పరుచుకున్న ఒక్క లేయర్‌కి సుమారు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్లు, మాస్కులు, పూల అంచులు, పెళ్లికూతురి కటౌట్లు అన్నీ కలిపి పాతిక లేయర్లు సులువుగా అవుతాయి. అండూ కోసం ఫొటోషాప్ దాచుకునే పాత కాపీలు వేరు. 8 జీబీలో సిస్టమ్, లైట్‌రూమ్ తినగా మిగిలింది దీనికి ఏ మూలకీ సరిపోదు. మిగతాదంతా డిస్క్ మీదకి పోతుంది.

కానీ నన్ను ఆపింది వేరే విషయం. మెషీన్ రీస్టార్ట్ చేసి, ఫొటోషాప్ తెరవకుండా, ఊరికే ఫైళ్లు చూసే ఫైండర్‌లో ఒక ఫొటోల ఫోల్డర్ తెరిచాం. 4 జీబీ ర్యామ్ ఖాళీగా ఉంది, ప్రెషర్ గ్రాఫ్ పచ్చగా ఉంది. అయినా చక్రం తిరిగింది. ర్యామ్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆగుతోందంటే జబ్బు ర్యామ్‌ది మాత్రమే కాదు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడిగాను. "క్యాటలీనా వేసుకున్నప్పట్నుంచి అన్నా. అంతకుముందు పాత సిస్టమ్ హై సియెర్రాలో బానే ఉండేది" అన్నాడు. ఆ ఒక్క జవాబుతో సగం అర్థమైంది. ఏపీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ని (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఆపిల్ ఫ్లాష్ స్టోరేజీని దృష్టిలో పెట్టుకుని తయారు చేసింది. హై సియెర్రాకి మారినప్పుడు ఎస్ఎస్‌డీలను, అంటే తిరిగే భాగాలు లేని ఫ్లాష్ డిస్కులను మాత్రమే దానికి మార్చింది, తిరిగే డిస్కుల జోలికి వెళ్లలేదు. 2018లో మొజావే సిస్టమ్ వచ్చినప్పటి నుంచి వాటినీ మారుస్తోంది. ఏపీఎఫ్ఎస్ పద్ధతిలో పాత చోట రాయకుండా మార్పుని కొత్త చోట రాస్తారు. వాడేకొద్దీ ఒక ఫోల్డర్‌కి సంబంధించిన సమాచారం డిస్క్ అంతా చెల్లాచెదురవుతుంది. ఎస్ఎస్‌డీకి ఏ మూలనున్నా ఒకటే. తిరిగే డిస్క్‌కి అలా కాదు. 7200 వేగంలో ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, సగటున సగం చుట్టు ఆగాలి, దానికి తోడు చదివే హెడ్ కదలాలి. వెయ్యి చోట్ల నుంచి వెయ్యి ముక్కలు ఏరుకురావాలంటే పది సెకన్లకు పైనే.

మిగతా సగం డ్రైవ్‌డీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్మార్ట్ రీడింగ్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క తీస్తే బయటపడింది. రీఎలకేట్ అయిన, అంటే పాడైపోయి బదులుగా వేరే చోటు ఇచ్చిన సెక్టార్లు (డిస్క్ మీది చిన్న గడులు) 48. పెండింగ్ సెక్టార్లు 16. పెండింగ్ అంటే చదవడానికి ప్రయత్నించి డిస్క్ విఫలమైన చోట్లు. అలాంటి చోటు తగిలినప్పుడల్లా డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ సిస్టమ్‌ని ఆపేస్తుంది. పైగా ర్యామ్ చాలక స్వాప్ కూడా ఈ చచ్చిపోతున్న డిస్క్ మీదే రాసుకుంటోంది.

అతనికి స్క్రీన్ మీద ఆ అంకె చూపించి, "బ్యాకప్ ఎక్కడుంది?" అని అడిగాను. లేదు. మూడేళ్ల పెళ్లిళ్లు ఆ ఒక్క డిస్క్‌లోనే ఉన్నాయి.

అందుకని మొదటి రోజు రాత్రి, రెండో రోజు పూర్తిగా కాపీకే పోయాయి. సిస్టమ్‌ని అసలు ముట్టుకోలేదు. ముందు డెలివరీ బాకీ ఉన్న రెండు పెళ్లిళ్లు, తర్వాత ఆ ఏడాదివి, ఆ తర్వాత పాతవి, ఆ వరసలో బయటి డ్రైవ్‌కి తీశాను. డిస్క్ పోయేదైతే ఏ క్షణంలోనైనా పోతుంది, అందుకే విలువైనవి ముందు రావాలి. యూపీఎస్ మీద పెట్టి, మెషీన్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి వదిలాను. కెమెరా కుదించకుండా ఇచ్చే 24 మెగాపిక్సెల్ రా ఫైల్ ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ, పెళ్లికి మూడు నాలుగు వేల ఫొటోలు, అంటే ఒక్కో పెళ్లి 100 జీబీ. మొత్తం 690 జీబీ వచ్చింది. 11 ఫైళ్లు రాలేదు.

ఆ పదకొండూ 2020లో తీసిన ఒకే పెళ్లివి. లిస్టు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెళ్లివాళ్లకి ఫోన్ చేశాడు. వాళ్లకిచ్చిన పెన్ డ్రైవ్‌లో తొమ్మిదింటి జేపెగ్‌లు దొరికాయి. రెండు దొరకలేదు.

మూడో రోజు ర్యామ్. ఈ మోడల్‌లో ఇది నిజంగా ఇంట్లో చేసుకోగల పని. కరెంటు తీగ తీసేసి, మెత్తటి గుడ్డ మీద స్క్రీన్ కిందికి ఉండేలా పడుకోబెట్టాలి. తీగ గుచ్చే సాకెట్ లోపల చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే పైనున్న మూత ఊడి వస్తుంది. రెండు లీవర్లు బయటికి లాగితే ర్యామ్ గూడు పైకి లేస్తుంది. నాలుగు స్లాట్లు. ల్యాప్‌టాప్ సైజు డీడీఆర్3, 1600 మెగాహెర్ట్జ్, 204 పిన్నులది కావాలి. 32 జీబీ దాకా పడుతుంది. అతని పనికి 24 చాలు అనిపించింది. పాత 4 జీబీ ముక్కలు రెండూ ఉంచి, రెండు 8 జీబీలు 1.35 వోల్టులవి తెప్పించాను. ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కి రెండు దారులు (ఛానెళ్లు) ఉంటాయి, ఒక్కో ఛానెల్‌లో 4, 8 జంటగా పడేలా పెట్టాను. అప్పుడు రెండు ఛానెళ్లలోనూ 12 చొప్పున సమానంగా ఉంటుంది.

స్విచ్ నొక్కితే స్క్రీన్ నల్లగానే ఉండి, మూడు బీప్‌లు, కాసేపు ఆగి మళ్లీ మూడు. ర్యామ్ పరీక్షలో తప్పిందని మ్యాక్ చెప్పే పద్ధతి అది. ఐదు సెకన్లకొకసారి ఒక్కో బీప్ వస్తే అసలు ర్యామ్ కనిపించట్లేదని అర్థం. ముందు సరిగ్గా కూర్చోలేదేమో అనుకుని తీసి మళ్లీ పెట్టాను, అదే. ఒక్కో ముక్కా విడిగా వేసి చూస్తే కొత్తవాటిలో ఒకటి పాడైంది. దుకాణం వాళ్లు సాయంత్రానికే మార్చి ఇచ్చారు. కొత్తది వేశాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్ డ్రైవ్ నుంచి రాత్రంతా నడిపాను, ఒక్క తప్పూ రాలేదు. ర్యామ్ ఆన్ అయినంత మాత్రాన మంచిదని నేను ఒప్పుకోను. సగం పాడైన ముక్క నెలల తరబడి ఫైళ్లను నిశ్శబ్దంగా చెడగొడుతుంది.

24 జీబీతో మళ్లీ కొలిచాను. ఆల్బమ్ షీట్ మీద పని గణనీయంగా మారింది, స్వాప్ సున్నా. కానీ బూట్ టైమ్ 4 నిమిషాల దగ్గరే ఉంది, ఫోల్డర్ తెరిస్తే చక్రం అలాగే తిరుగుతోంది. అతను పక్కనే ఉండి చూశాడు. డిస్క్ సంగతి ఇక నేను చెప్పక్కర్లేకపోయింది.

ఈ ఐమ్యాక్‌లో డిస్క్ మార్చాలంటే స్క్రీన్ విప్పాలి. 2011 దాకా వచ్చిన వాటిలో ముందు గాజు అయస్కాంతాలతో ఆగేది, సక్షన్ కప్పులతో లాగితే వచ్చేది. 2012 చివరి నుంచి గాజు, ఎల్‌సీడీ ఒకే ముక్క. దాన్ని చుట్టూ ఫోమ్ టేపుతో బాడీకి అతికించారు. విప్పేటప్పుడు చిట్లితే గాజు ఒక్కటీ మార్చడం కుదరదు, స్క్రీన్ మొత్తం పోతుంది. అందుకే నేను ఏ కస్టమర్‌కీ నేరుగా విప్పుదామని చెప్పను. ముందు కొత్త ఎస్ఎస్‌డీని యూఎస్‌బీ 3 కేసులో పెట్టి, బయటి నుంచే బూట్ చేయించి చూపిస్తాను. తేడా చూశాక విప్పాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు.

1 టీబీ సాటా ఎస్ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ కనెక్టర్‌కే తగిలే రకం) తీసుకున్నాం. పాత డిస్క్‌ని యథాతథంగా క్లోన్ చేయలేదు. చదవలేని సెక్టార్లున్న డిస్క్ నుంచి సిస్టమ్‌ని తెస్తే ఏ ఫైల్ సగం వచ్చిందో ఎవరికీ తెలియదు. క్యాటలీనా కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, ఫొటోషాప్, లైట్‌రూమ్ మళ్లీ వేసి, లైట్‌రూమ్ క్యాటలాగ్‌ని కాపీ నుంచి తెచ్చాను. ఆప్షన్ కీ పట్టుకుని ఎస్ఎస్‌డీ నుంచి బూట్ చేస్తే 45 సెకన్లు. అతను మా షాపులోనే కూర్చుని దాని మీద ఒక ఆల్బమ్ పూర్తి చేసి ప్రింటింగ్‌కి పంపాడు.

ఇలాగే బయటే ఉంచేయవచ్చని కూడా చెప్పాను. చాలామందికి అదే సరైన సలహా. పాత డిస్క్ బాగుంటే నేనూ అదే గట్టిగా చెప్పేవాణ్ని. ఇక్కడ పాత డిస్క్ ప్రతి బూట్‌లోనూ సిస్టమ్‌కి తగులుకుంటూ (మౌంట్ అవుతూ), పాడైన చోటు తగిలి అప్పుడప్పుడూ ఫైండర్‌ని పట్టేస్తోంది. పైగా యూఎస్‌బీ ద్వారా పెట్టిన ఇలాంటి సాటా ఎస్ఎస్‌డీకి మ్యాక్‌లో ట్రిమ్ (చెరిపేసిన చోట్లు ఏవో ఎస్ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) పని చేయదు. స్టూడియో టేబుల్ మీద కార్డ్ రీడర్, బ్యాకప్ డ్రైవ్, లైట్ల తీగలు. పని మధ్యలో ఎవరి చెయ్యో తగిలి బూట్ డిస్క్ ఊడిపోతే అంతే. అతను కాసేపు ఆలోచించి, "లోపలే పెట్టెయ్ అన్నా" అన్నాడు.

మదర్‌బోర్డు వెనక పీసీఐఈ ఎస్ఎస్‌డీ స్లాట్ కూడా ఉంది, అడాప్టర్‌తో ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకా వేగం వస్తుంది కదా అని కొందరు అడుగుతారు. దానికోసం మదర్‌బోర్డు బయటికి తీయాలి, నిద్ర నుంచి లేవడంలో తేడాలు వచ్చే అవకాశం వేరే. సాటా సెకనుకు 6 గిగాబిట్లు, అంటే వాస్తవంలో 500 ఎంబీ పైన. ఫొటోల పనికి అది చాలు.

విప్పడం అయిదో రోజు పొద్దున్నే పెట్టుకున్నాను, షాపులో జనం లేనప్పుడు. కరెంటు తీగ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నాను. స్టాండు ఊగకుండా కింద అట్టముక్క మడిచి పెట్టాను. ఫోమ్ టేపుని కోయడానికి ప్లాస్టిక్ చక్రం వస్తుంది, రోటీలు కోసే చక్రంలా ఉంటుంది. దాని అంచు లోతు సరిపోయేంతే ఉంటుంది కాబట్టి లోపలి తీగలకు తగలదు. పవర్ బటన్ వైపు నుంచి మొదలుపెట్టి పైకి, పై అంచు మీదుగా అవతలి వైపుకి. ఒక్కసారిగా తోయకుండా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ రెండు మూడు సార్లు తిప్పాలి. పైన మధ్యలో కెమెరా ఉంటుంది, అక్కడ లోతుగా పోకూడదు. కింది అంచు ముట్టుకోను, అది మడతబందులా పని చేస్తుంది. తర్వాత పాత ఏటీఎం కార్డులు రెండు పై మూలల్లో దూర్చి మెల్లగా పక్కకి జరిపితే మిగిలిన టేపు వదిలింది.

ఇక్కడే చాలా స్క్రీన్లు పోతాయి. వదిలింది కదా అని పూర్తిగా ఎత్తేస్తారు. పైభాగం నాలుగైదు అంగుళాలు మాత్రమే ముందుకి వంచి, లోపల చెయ్యి పెట్టి రెండు తీగలు తీయాలి, ఒకటి స్క్రీన్ పవర్, రెండోది డేటా. డేటా కనెక్టర్ మీద లోహపు గొళ్లెం ఉంటుంది, దాన్ని పైకి ఎత్తాకే లాగాలి. ఆ తర్వాతే స్క్రీన్‌ని నిలువుగా లేపి కింది టేపు పీకాలి. ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టుకుంటే మంచిది. లోపల పవర్ సప్లై బోర్డు మీద కవర్ ఉండదు. దాని కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. మా షాపు కుర్రాళ్లకి నేను మొదట చెప్పేది అటు వేలు పెట్టొద్దనే.

పదేళ్ల దుమ్ము ఫ్యాన్ రెక్కల మీద, హీట్‌సింక్ మీద నూలు బట్టలా పేరుకుంది. అగరుబత్తి పొగ కూడా కలిసినట్టుంది, జిడ్డుగా ఉంది. బ్రష్‌తో, బ్లోయర్‌తో తీశాను. హార్డ్ డిస్క్ బ్రాకెట్లకి ఉన్నవి నక్షత్రం గాడి ఉండే టీ10 స్క్రూలు. డిస్క్ పక్కలకున్న రబ్బరు మేకులు విప్పి రెండున్నర నుంచి మూడున్నర అంగుళాలకి మార్చే బ్రాకెట్‌కి పెట్టి, అందులో ఎస్ఎస్‌డీ బిగించాను. డబుల్ టేపుతో అతికించేవాళ్లున్నారు. మన ఎండల్లో లోపలి వేడికి ఆ టేపు వదిలేస్తుంది, ఎస్ఎస్‌డీ తీగ మీద వేలాడుతుంది.

వెంటనే స్క్రీన్ అతికించలేదు. తీగలు రెండూ తగిలించి, స్క్రీన్‌ని చుట్టూ పేపర్ మాస్కింగ్ టేపుతో బాడీకి పట్టించి, ఒక రోజంతా అలాగే నడిపాను. ఏదైనా తేడా ఉంటే అతికించకముందే తెలియాలి. డీ కీ పట్టుకుని ఆపిల్ డయాగ్నస్టిక్స్ నడిపితే ఏ లోపమూ చూపలేదు. 2009 నుంచి 2011 మోడళ్లలో డిస్క్ మారిస్తే ఉష్ణోగ్రత సమాచారం అందక ఫ్యాన్ పూర్తి వేగంతో అరిచేది, దానికి వేరే సెన్సర్ కేబుల్ కావాలి. ఇందులో ఆ ఇబ్బంది రాలేదు, ఫ్యాన్ నిమిషానికి 1200 చుట్ల దగ్గరే నిలిచింది. టెర్మినల్‌లో ట్రిమ్‌ఫోర్స్ కమాండ్ ఇచ్చి ట్రిమ్ ఆన్ చేశాను. ఆ తర్వాత పాత జిగురంతా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త టేపు ముక్కలు వేసి స్క్రీన్ మూశాను.

ఇచ్చేముందు అతని ముందే స్టాప్‌వాచ్ పెట్టాను. బూట్ 38 సెకన్లు. ఫొటోషాప్ 9 సెకన్లు. ఫొటోల ఫోల్డర్ తెరిచీ తెరవగానే బొమ్మలు నిండిపోతున్నాయి. 600 రా ఫైళ్లు జేపెగ్‌కి ఎక్స్‌పోర్ట్ చేయడం మాత్రం ముందు 50 నిమిషాలు, ఇప్పుడు 44. అది ప్రాసెసర్ పని, ర్యామ్, ఎస్ఎస్‌డీ దాన్ని పెద్దగా మార్చవు. ఈ మాట నేను మొదటి రోజే చెప్పి ఉంచాను, లేకపోతే డబ్బులు పెట్టాక బాధపడేవాడు. క్యాటలీనాకి ఆపిల్ సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 జులైతో ఆగిపోయాయి కాబట్టి బ్యాంకు పనులు ఈ మెషీన్‌లో వద్దని కూడా చెప్పాను.

బిల్లు ఎస్ఎస్‌డీ 6200, ర్యామ్ 4200, టేపు, బ్రాకెట్ కలిపి 1100, మా మజూరీ 2500, మొత్తం 14 వేలు. బ్యాకప్ కోసం అతను రెండు బయటి డ్రైవ్‌లు వేరేగా కొనుక్కున్నాడు. ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో.

మే నెలలో ఫోన్ చేశాడు. "అన్నా, మెషీన్ బానే ఉంది గానీ పై మూల స్క్రీన్ కొంచెం లేచినట్టుంది." వెళ్లి చూశాను. ఎడమవైపు పై మూలలో సన్నటి సందు. విప్పితే ఆ మూలలో పాత జిగురు పొర పలుచగా మిగిలి ఉంది. సరిగ్గా తుడవకపోవడం నా తప్పే, ఆ ఎండలకి కొత్త టేపు అక్కడ పట్టలేదు. డబ్బులు తీసుకోకుండా చుట్టూ టేపు మొత్తం మార్చాను. ఈసారి ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, మూలల్లో టార్చి వేసి చూసి, అతికించాక రాత్రంతా స్క్రీన్ పైకి ఉండేలా పడుకోబెట్టి ఉంచాను. అప్పటి నుంచి స్క్రీన్లు మూసేముందు మా షాపులో నాలుగు మూలలూ టార్చి వేసి చూస్తున్నాం.